సదస్సు పంక్తిలో వలపక్షం

1951లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో గణిత శాస్త్రజ్ఞుల సమావేశం ఒకటి జరిగింది. మ్యాథమేటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికాకు చెందిన ఆగ్నేయ విభాగం ఏర్పాటు చేసింది. అదే ఊళ్లోని ఫిస్క్ యూనివర్సిటీ నుంచి నలుగురు వెళ్లారు. గణిత విభాగం అధిపతి లీ లార్చ్, ఆయన సహోద్యోగులు ఎవెలిన్ బాయిడ్, వాల్టర్ బ్రౌన్, హెచ్.ఎం. హాలోవే. లార్చ్ శ్వేతజాతీయుడు, మిగతా ముగ్గురూ నల్లజాతివారు. పరిశోధన ప్రసంగాలు వినడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ముగింపు విందు దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ముందే సీట్లు రిజర్వు చేసుకున్నా, అవి చెల్లవన్నారు. ఎవెలిన్ బాయిడ్ అప్పటికి రెండేళ్ల కిందటే యేల్‌లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. తర్వాతి కాలంలో అమెరికా అంతరిక్ష కార్యక్రమాల కోసం కక్ష్యల లెక్కలు చూసినవాళ్లలో ఆవిడా ఒకరు.

ఆవిడ లెక్కలు హాల్లో చెల్లాయి, భోజనాల బల్ల దగ్గర చెల్లలేదు. పంక్తిలో వలపక్షం అని మనం మాటవరసకు అనేది అక్కడ అక్షరాలా జరిగింది. దీన్ని జాతి వివక్ష చరిత్రలో ఒక పేజీగా చదివి పక్కన పెట్టేయవచ్చు. సదస్సులు నిర్వహించేవాళ్లకు మాత్రం ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ రోజు తలుపు పడింది ప్రసంగాల హాలుకు కాదు, విందు గదికి. ఇప్పటికీ చాలావరకు అంతే. షెడ్యూల్‌లో అచ్చయిన గంటల్లో ఏ సదస్సయినా అందరినీ ఒకేలా చూస్తున్నట్టే కనిపిస్తుంది. ఎవరు లోపలివాళ్లు, ఎవరు బయటివాళ్లు అన్నది తేలేది టీ విరామంలో, రాత్రి భోజనాల దగ్గర, హోటల్ లిఫ్టులో, ఫీల్డ్ ట్రిప్ బస్సులో. ఇంకా ముందే, వీసా కౌంటర్ దగ్గర. ఈ చోట్లన్నీ నిర్వాహకుల దృష్టిలో తమ పరిధిలోవి కావు. చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకంటే సదస్సుకు జనం వెళ్లేది ప్రసంగాల కోసమే అనుకుంటే పొరపాటు. పేపర్ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, వీడియో చూడవచ్చు. అంత ఖర్చు పెట్టుకుని వెళ్లేది మనుషుల కోసం. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ఖాళీ ఉందన్న కబురు, కలిసి ఒక ప్రాజెక్టు చేద్దామన్న మాట, "మీ డేటా పంపించండి, నేను చూస్తాను" అన్న హామీ, ఇవన్నీ చేతిలో టీ కప్పు ఉన్నప్పుడే పుడతాయి. ఆ కబుర్లలోకి రాలేనివాళ్లు రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా కట్టి సదస్సులో సగమే చూసి వెళ్లినట్టు.

ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంటుంది. తన పరిశోధనను వివరించే పోస్టర్ ముందు నిలబడ్డ పీహెచ్‌డీ విద్యార్థినికీ, ఎదురుగా వచ్చి ఆగిన పేరున్న ప్రొఫెసర్‌కీ మధ్య ఉద్యోగ సంబంధం ఏమీ లేదు. అయినా రేపు ఆమె పేపర్ రివ్యూకు వెళ్లేది ఆయన దగ్గరికే కావచ్చు. ఫెలోషిప్ కమిటీలో ఆయనే కూర్చోవచ్చు. ఆమె గైడ్‌కు ఆయన పాత స్నేహితుడు కావచ్చు. గ్రాఫ్ చూపించమంటూ ఆయన చెయ్యి ఆమె భుజం మీద వేసి, అక్కడే ఉంచేశాడనుకోండి. "సార్, చెయ్యి తీయండి" అనేలోపు ఆమె మనసులో ఈ లెక్కలన్నీ గిర్రున తిరుగుతాయి. అవి తిరిగేలోపు ఆయన తర్వాతి పోస్టర్‌కు వెళ్లిపోతాడు.

ఇప్పుడు ఆమె ఎవరికి చెప్పుకోవాలి? తన యూనివర్సిటీకి చెబితే, ఆ మనిషి మా ఉద్యోగి కాదంటారు. ఆయన యూనివర్సిటీకి రాస్తే, ఇది మా ప్రాంగణంలో జరగలేదు, మీరు మా విద్యార్థి కాదు అంటారు. హాలు అద్దెకిచ్చిన హోటల్‌కు సామాన్లు పగలనంతవరకు ఏదీ పట్టదు. శాస్త్ర సంఘం వాళ్లు మా పని పత్రికలు, సభ్యత్వాలు చూసుకోవడం అంటారు. ఈలోపు నాలుగు రోజులు గడిచి తలా ఒక విమానం ఎక్కి వెళ్లిపోతారు. ఆఫీసులో తప్పు జరిగితే నిలదీయడానికి యాజమాన్యం అంటూ ఒకటుంటుంది. సదస్సుకు అలాంటిది ఉండదు. ప్రవర్తనా నియమావళి అనేది ఈ ఖాళీలోంచి పుట్టింది.

నియమావళి గురించి మాట్లాడే ముందు వేధింపు అంటే ఏమిటన్నది తేల్చుకోవాలి. ఆ మాట వినగానే అందరికీ తట్టేది బలవంతం, లేదా "నా మాట వింటే ఉద్యోగం ఇప్పిస్తా" అనే బేరం. అమెరికాలో ప్రభుత్వానికి శాస్త్ర విషయాల్లో సలహాలిచ్చే నేషనల్ అకాడమీస్ 2018లో వెలువరించిన నివేదిక దాన్ని మూడు రకాలుగా విడదీసింది. ఆడవాళ్లను తక్కువ చేసే మాటలూ చేష్టలూ ఒకటి, అక్కర్లేని లైంగిక ఆసక్తి రెండోది, లైంగిక బలవంతం మూడోది. వీటిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది మొదటిదేనని తేల్చింది. అంటే స్లయిడ్‌లో నవ్వుల కోసం పెట్టిన బొమ్మ, "ఈ లెక్కలు మీవేనా, మీ గైడ్ చేశారా?" అన్న ప్రశ్న, మాట్లాడుతున్న ఆమెను మధ్యలో ఆపి పక్కనున్న కుర్రాణ్ని అడగడం. ఒక్కొక్కటిగా చూస్తే ఫిర్యాదు చేసేంత పెద్దవి అనిపించవు. నాలుగు రోజులు, పదేళ్లు అవే పడితే మనిషి ఆ రంగమే వదిలి వెళ్లిపోవచ్చు. వేధింపు జరుగుతుందా లేదా అన్నది చెడ్డ మనుషుల సంఖ్య కంటే ఆ చోటి వాతావరణాన్ని బట్టి ఎక్కువగా ఉంటుందని కూడా ఆ నివేదిక చెప్పింది. చెబితే వింటారన్న నమ్మకం ఉన్నచోట తగ్గుతుంది, చూసీ చూడనట్టు పోయే చోట పెరుగుతుంది. నిర్వాహకుల చేతిలో ఉన్నది ఈ వాతావరణమే.

సదస్సుల నియమావళులు మొదట ఊపందుకున్నది కంప్యూటర్ రంగంలో. ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) సదస్సుల్లో జరిగిన వేధింపుల తర్వాత 2010 నాటికి ఒక నమూనా తయారైంది. 2011లో మొదలైన ఏడా ఇనిషియేటివ్ అనే సంస్థ పట్టుబట్టి దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. శాస్త్ర సదస్సులు ఈ విషయంలో నత్తనడక నడిచాయి. అమెరికా, కెనడాల్లో జరిగే 195 జీవశాస్త్ర సదస్సులను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నియమావళి ఉన్నవి 24 శాతమే. ఉన్నవాటిలోనూ కొన్ని ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో చెప్పవు, తప్పు చేస్తే ఏమవుతుందో చెప్పవు. అవి మొక్కుబడి కాగితాలు. "అందరూ పరస్పర గౌరవంతో మెలగాలి" అన్న వాక్యం వల్ల ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ లాభమూ లేదు.

2017లో భూమి, అంతరిక్ష శాస్త్రవేత్తల సంఘమైన అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ వేసిన అడుగు వేరే రకం. వేధింపు, వివక్ష, బెదిరింపులను ఆ సంఘం శాస్త్రీయ దుష్ప్రవర్తన కింద చేర్చింది. డేటా కల్పించడాన్ని, ఇంకొకరి రాతను కాపీ కొట్టడాన్ని ఏ గాటన కడతారో, వీటినీ ఆ గాటనే కట్టింది. ఇది పేరు మార్పు మాత్రమే అనిపించవచ్చు. కానీ "మనిషి కాస్త అలాంటివాడే, అయితేనేం, గొప్ప శాస్త్రవేత్త" అనే పాత సమర్థన ఒకటుంది కదా, దాని కాళ్లు విరగ్గొట్టింది ఈ మార్పే. దొంగ డేటా రాసినవాణ్ని గొప్ప శాస్త్రవేత్త అని ఎవరూ అనరు.

పనికొచ్చే నియమావళి ఏం చేయకూడదో మామూలు మాటల్లో ఉదాహరణలతో చెబుతుంది. హాలుకే కాదు, విందుకూ హోటల్‌కూ బస్సుకూ సదస్సు పేరుతో నడిచే మెసేజ్ గ్రూపులకూ వర్తిస్తుందంటుంది. ముఖ్య వక్తకూ స్పాన్సర్ కంపెనీ ప్రతినిధికీ నిర్వాహకుడికీ కూడా మినహాయింపు లేదంటుంది. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. ఫిర్యాదుల కోసమని బ్యాడ్జి వెనక అచ్చేసిన ఫోన్ నంబర్ రాత్రి పదకొండు గంటలకు మోగితే ఎవరు తీస్తారు? తీసినవాళ్లు "ఆయనా? ఆయన అలాంటివాడు కాదే!" అంటే కథ అక్కడికే అయిపోయింది. శిక్షణ పొందినవాళ్లు ముందు ఒక గది చూపిస్తారు, మంచినీళ్లు ఇస్తారు, మధ్యలో అడ్డు రాకుండా వింటారు. ఏం జరిగింది, ఎక్కడ, ఎన్నింటికి, ఇంకెవరు చూశారు అన్నది చెప్పినవాళ్ల మాటల్లోనే రాసుకుంటారు. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఇప్పుడు మీకు ఏం కావాలి?" కొందరికి రేపటి సెషన్‌లో ఆ మనిషి ఎదురుపడకుండా ఉంటే చాలు. కొందరు హోటల్ దాకా తోడు రమ్మంటారు. ఇంకొకరు ఆయన్ను పంపేయమంటారు. పోలీసుల దాకా వెళ్లాలా వద్దా అన్నది వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. చేయలేనిదాన్ని చేస్తామని మాట ఇవ్వకపోవడం కూడా శిక్షణలో భాగమే.

ఆ నంబర్ వెనక ఒక్కరే ఉండకూడదు. కంచే చేను మేసే సందర్భాలు ఉంటాయి. ఫిర్యాదు నిర్వాహక కమిటీ అధ్యక్షుడి మీదే అయితే చెప్పడానికి ఇంకో తలుపు కావాలి. కనీసం ఇద్దరు ముగ్గురు, వయసులో, హోదాలో తేడా ఉన్నవాళ్లు, వీలైతే ఆ రంగానికి సంబంధం లేని ఒకరు ఉంటే మేలు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఒకరి మాట విని ఇంకొకరిని బయటికి పంపేస్తారా అని. అడగాల్సిన ప్రశ్నే. సదస్సుకు కోర్టులా జైలుకు పంపే అధికారం లేదు, కోర్టంత విచారణ జరిపే వ్యవధీ లేదు. దాని చేతిలో ఉన్నది పిలిచినవాడికి ఉండే అధికారం మాత్రమే: మాట్లాడి హెచ్చరించడం, బ్యాడ్జి వెనక్కి తీసుకోవడం, వచ్చే ఏడు రావద్దనడం. ఆధారం పలచగా ఉంటే చిన్న చర్య, బలంగా ఉంటే పెద్ద చర్య. అవతలి మనిషి మాట కూడా అదే రోజు వినడం. ఏళ్ల తరబడి నిషేధం లాంటివి తీరిగ్గా విచారణ జరిపి, అప్పీలుకు అవకాశం ఇచ్చాకే. ఎవరు నిర్ణయిస్తారు, ఎలా నిర్ణయిస్తారు అన్నది సదస్సుకు ముందే రాసి పెట్టుకుంటే ఇరువైపులవారికీ అదే రక్ష. రాసి పెట్టుకోని చోట నిర్ణయం పలుకుబడిని బట్టి జరుగుతుంది. అప్పుడు ఎవరి వైపు జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక హాల్లో అందరూ సమానమే అన్న మాట కూడా పైకి కనిపించినంత నిజం కాదు. యూనివర్సిటీ విభాగాల్లో జరిగే సెమినార్లను, 10 దేశాల్లోని 35 సంస్థల్లో దాదాపు 250 దాకా, కూర్చుని లెక్కపెట్టిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. శ్రోతల్లో ఎవరెంతమంది ఉన్నారన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఒక మగ శ్రోత ప్రశ్న అడిగే అవకాశం ఆడ శ్రోత కంటే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి: మొదటి ప్రశ్న మగవాళ్ల నుంచి వస్తే ఆ తర్వాత ఆడవాళ్ల ప్రశ్నలు ఇంకా తగ్గాయి. సెషన్ చైర్ "ప్రశ్నలు ఉన్నాయా?" అనేలోపే ముందు వరుసలోంచి ఒక చెయ్యి లేస్తుంది. ప్రతి సెషన్‌లోనూ అదే చెయ్యి. "ఇది ప్రశ్న కాదు, చిన్న వ్యాఖ్య" అంటూ మొదలవుతుంది. ఆ చిన్నది ఎప్పుడూ చిన్నదిగా ఉండదు. దీనికి మందు పైసా ఖర్చు లేనిది. ప్రసంగం అవగానే ఒక నిమిషం ఆగి, పక్కవాళ్లతో మాట్లాడుకోమంటే చాలు. జంకుతున్నవాళ్లకు తమ ప్రశ్న తెలివితక్కువది కాదని ఆ నిమిషంలో ధైర్యం వస్తుంది. మొదటి ప్రశ్న విద్యార్థుల నుంచి తీసుకుంటామని చైర్ ముందే చెప్పవచ్చు.

మైకు సంగతీ ఇలాంటిదే. "నా గొంతు పెద్దదేలెండి, మైకు అక్కర్లేదు" అని దాన్ని పక్కన పెట్టేవాళ్లు ప్రతి సదస్సులోనూ ఉంటారు. అందరికీ వినిపిస్తోందా అని కూడా అడుగుతారు. వినిపించనివాళ్లకు ఆ ప్రశ్నే వినిపించదు. వినికిడి యంత్రానికి నేరుగా ధ్వని పంపే లూప్ వ్యవస్థ, తెర మీద నడిచే క్యాప్షన్లు, ఆన్‌లైన్ ప్రసారం, ఇవన్నీ మైకులోంచే ధ్వనిని తీసుకుంటాయి. హాలుకు ర్యాంపు కట్టి వేదికకు మూడు మెట్లు వదిలేయడం ఇంకో మచ్చు. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లు వినడానికే వస్తారు, మాట్లాడటానికి కాదు అని ఆ మెట్లే చెబుతాయి. 2021లో గ్లాస్గోలో జరిగిన కాప్26 వాతావరణ సదస్సుకు వీల్‌చైర్‌లో వచ్చిన ఇజ్రాయెల్ ఇంధన మంత్రి కరీన్ ఎల్హరార్ ఒక రోజంతా లోపలికి వెళ్లలేకపోయారు. మంత్రి కాబట్టి వార్త అయింది.

వేదిక మీదికి ఎవరిని పిలుస్తారన్నది పిలిచేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆర్టురో కాసడెవాల్, జో హాండెల్స్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికా సూక్ష్మజీవశాస్త్ర సంఘం నిర్వహించే రెండు పెద్ద సదస్సుల్లోని 460 గోష్ఠుల జాబితాలు తిరగేసి 2014లో ఒక పేపర్ రాశారు. అంతా మగవాళ్లే ఏర్పాటు చేసినవాటితో పోలిస్తే, నిర్వాహకుల్లో కనీసం ఒక మహిళ ఉన్న గోష్ఠుల్లో మహిళా వక్తల నిష్పత్తి 72 శాతం ఎక్కువగా ఉంది. కావాలని ఎవరినీ తప్పించి ఉండకపోవచ్చు. నలుగురు మిత్రులు కూర్చుని "ఎవరిని పిలుద్దాం?" అనుకుంటే వాళ్లకు గుర్తొచ్చేది వాళ్లలాంటివాళ్లే. 2019లో అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ డైరెక్టర్ ఫ్రాన్సిస్ కాలిన్స్, అందరికీ చోటివ్వాలన్న శ్రద్ధ కనిపించని సదస్సుల ఆహ్వానాలు ఒప్పుకోనని బహిరంగంగా ప్రకటించారు. పెద్ద హోదాలో ఉన్నవాళ్లు రాను అంటే నిర్వాహకులకు టెన్షన్ మొదలవుతుంది, జాబితా మారుతుంది. అయితే లెక్క సరిపెట్టడానికి ఒకే ఒక్కావిడను అన్ని ప్యానెళ్లలో కూర్చోబెట్టి, అన్నిచోట్లా "విజ్ఞానంలో మహిళలు" గురించే అడిగితే ఆవిడ పరిశోధన గురించి అడిగేదెవరు?

అసలు ఊళ్లోకే అడుగు పెట్టలేనివాళ్ల సంగతి ఇంకా పెద్దది. హెచ్ఐవీ ఉన్న విదేశీయులు తమ దేశంలోకి రాకుండా అమెరికా 1987లో ఆంక్షలు పెట్టింది. 1990లో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగినప్పుడు చాలా సంస్థలు బహిష్కరించాయి. ఏ జబ్బు గురించి చర్చో, ఆ జబ్బు ఉన్నవాళ్లకే ప్రవేశం లేదు మరి. 1992లో బోస్టన్‌లో జరగాల్సిన సదస్సును నిర్వాహకులు ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలించారు. 2010లో ఆంక్షలు ఎత్తేశాక, 2012లో గానీ ఆ సదస్సు తిరిగి అమెరికా గడ్డ మీద, వాషింగ్టన్‌లో, జరగలేదు. మధ్యలో 22 ఏళ్లు. వేదిక ఎక్కడ పెట్టాలన్నది హోటల్ రేట్ల వ్యవహారం మాత్రమే కాదని చూపించిన నిర్వాహకులు వాళ్లు. కృత్రిమ మేధ రంగంలోనూ ఇలాంటిదే జరిగింది. కెనడాలో 2018, 2019 సంవత్సరాల్లో జరిగిన న్యూరిప్స్ సదస్సులకు ఆఫ్రికా పరిశోధకులు చాలామందికి వీసాలు రాలేదు. అదే రంగానికి చెందిన ఐసీఎల్ఆర్ అనే ఇంకో సదస్సును 2020లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో పెట్టాలనుకున్నారు, కరోనా వల్ల అది ఆన్‌లైన్‌కు మళ్లింది. చివరికి 2023లో రువాండా రాజధాని కిగాలీలో జరిగింది. వేదిక మార్చలేనివాళ్లు కూడా చేయగలిగింది ఉంది. పేపర్ల ఎంపిక ఫలితాలు వీసా గడువుకు సరిపడా ముందు చెప్పడం, ఆహ్వాన లేఖ అడిగిన రోజే పంపడం, వీసా తిరస్కరిస్తే ఫీజు వెనక్కి ఇవ్వడం. స్వలింగ సంబంధాలు నేరమైన దేశాన్ని ఎంచుకుంటే, ఎవరెవరు చడీచప్పుడు లేకుండా రావడం మానేస్తారో కూడా ఆలోచించాలి.

డబ్బు విషయం ఒక్క ముక్కలో చెప్పవచ్చు. "ముందు మీరు పెట్టుకోండి, బిల్లులిస్తే తర్వాత ఇస్తాం" అనే ట్రావెల్ గ్రాంట్, చేతిలో డబ్బున్నవాళ్లకే ఇచ్చే గ్రాంట్. పసిపిల్లలున్నవాళ్ల సంగతి కూడా చాలాకాలం ఎవరి పట్టింపూ కాలేదు. 2018లో తల్లులైన శాస్త్రవేత్తల బృందం ఒకటి, పిల్లల సంరక్షణకు ఆర్థిక సాయం, పాలిచ్చేందుకు ప్రత్యేక గది లాంటి సూచనలతో వ్యాసం ప్రచురించాక కొంత కదలిక వచ్చింది. ఆ గది ఎక్కడ అని అడిగితే బాత్రూమ్ వైపు చూపించే సదస్సులు ఇంకా ఉన్నాయి.

2020లో కరోనా పుణ్యమా అని సదస్సులన్నీ తెర మీదికి వచ్చాక, విద్యార్థులు, మహిళలు, పరిశోధన నిధులు తక్కువున్న దేశాలవాళ్లు మునుపటి కంటే ఎక్కువగా హాజరయ్యారు. వీసా లేదు, టికెట్టు లేదు, పిల్లల్ని వదిలి వెళ్లడం లేదు. ఇది చిన్న లాభం కాదు. కానీ వాళ్లకు అందింది షెడ్యూల్‌లోని భాగమే. టీ విరామం తెర మీదికి రాలేదు. ఇప్పుడు సగం ఆన్‌లైన్‌లో, సగం హాల్లో నడిచే సదస్సుల్లో, దూరం నుంచి అడిగే ప్రశ్నకు వంతు చివర్లో, టైమ్ మిగిలితే వస్తుంది. తెర మీద వేధింపులకూ కొదవ లేదు. హాజరైనవాళ్లు ఒకరికొకరు పంపుకునే ప్రైవేట్ మెసేజ్‌లు నిర్వాహకుల కంట పడవు. అక్కర్లేదనుకుంటే ఆ సదుపాయాన్ని సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చన్న సంగతి కూడా చాలామందికి తట్టదు.

విందు సంగతికి వస్తే, కొత్తగా వచ్చినవాళ్లకు రెండు బల్లలు కేటాయించి, ఒక్కో బల్ల దగ్గర ఇద్దరు సీనియర్లను కూర్చోబెట్టే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. మద్యం లేని ఒక సాయంత్రాన్ని కూడా కార్యక్రమంలో పెడితే తాగనివాళ్లు, తాగినవాళ్ల మధ్య ఉండటం ఇష్టంలేనివాళ్లు గదికి వెళ్లి పడుకోవాల్సిన పని తప్పుతుంది.

1951లో విందుకు దూరం పెట్టినప్పుడు ఆ నలుగురూ చేసింది కూడా ఫిర్యాదే. సభ్యుల మధ్య వివక్ష చూపకూడదని నిబంధనావళిలోనే రాయాలని అమెరికాలోని రెండు పెద్ద గణిత సంఘాలకూ లేఖలు పంపారు. ఆ నిబంధనావళి మారలేదు. వివక్ష లేని విధానం మాత్రం అమల్లోకి వచ్చింది. లార్చ్ ఆ తర్వాత ఫిస్క్‌లో ఉద్యోగం పోగొట్టుకుని, చివరికి కెనడా చేరి అక్కడే పాఠాలు చెప్పారు. 2007లో మ్యాథమేటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా ఆయనకు విశిష్ట సేవా పురస్కారం ఇచ్చింది. ప్రశంసా పత్రంలో నాష్‌విల్ విందు సంగతి కూడా రాశారు. అప్పటికి ఆయన వయసు 91.